పొమ్మంటున్నాడు సార్

పల్లవి ఏం ఉద్యోగం చేస్తుందో దామోదర్‌కు రెండేళ్లపాటు సరిగా తెలియదు. కుప్పంలో, స్టేషన్ రోడ్డులో ఒక మేడ మీద రెండో అంతస్తులో కంప్యూటర్ ముందు కూర్చునే పని అని మాత్రం తెలుసు. అడిగినవాళ్లకు కూతురు సాఫ్ట్‌వేర్‌లో ఉందని చెప్పేవాడు. మదనపల్లెలో వాళ్లుండే వీధిలో ఆ ఒక్క మాట చాలు, ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

ఒక ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు ఆమే చెప్పింది.

"నాయినా, మా ఆఫీసులో నిన్ను రమ్మంటాండారు."

"నన్నా? యాల?"

"డ్రోన్లు పైనించి ఫొటోలు తీస్తాయి గదా. ఆ ఫొటోలో మనిషి యాడ ఉండాడు, మేక యాడ ఉండాది, మనిషి చేతిలో ఏముండాది అని మిషన్‌కు నేర్పించాల. మేం ఒగొగ ఫొటో సూసి మనిషి సుట్టూ గీత గీస్తాం. మామూలు మనిషైతే పచ్చ, అనుమానమైతే ఎరుపు. మేం గీసింది సూసి అది నేర్చుకుంటాది."

"నేర్చుకోని?"

"అది మాకు జెప్పరు. ఈ మధ్య అడవి ఫొటోలు వస్తాండాయి. మాకు ఏమీ తెలీడంలే. మా నాయిన ఏడేండ్లు అడవిలో ఉన్న్యాడని మేనేజర్‌తో అన్న్యాను. పిలిపించమన్న్యాడు. రెండు గంటలు మాట్లాడితే సాలు."

ఆమె బ్యాగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చింది. పైన పెద్ద అక్షరాలతో ఉంది: 'సుదీర్ఘ గెరిల్లా పోరాటం – ఆధునిక యుద్ధానికి పాఠాలు.' కింద దామోదర్ పేరు, పేరు పక్కన 'రిటైర్డ్ సబ్ ఇన్‌స్పెక్టర్' అని.

దామోదర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. వాళ్ల నాయన రామప్ప తంబళ్లపల్లె దగ్గర ఒకరి చేనిలో శెనక్కాయలు పెరికిన కూలీ. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి దామోదర్. కేంద్ర పోలీసు బలగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు చేశాడు. చివరి ఏడేళ్లు దండకారణ్యంలో, నక్సలైట్ల మీద యుద్ధంలో గడిచాయి. రిటైరయ్యాక ఒక బ్యాంకు ముందు కాపలా ఉద్యోగం దొరికింది, మోకాళ్లు నొప్పులొచ్చి అదీ మానేశాడు. అడవిలో యుద్ధం ముగింపుకొచ్చిందని ఇప్పుడు టీవీలో చెబుతున్నారు. అక్కడ నువ్వేం నేర్చుకున్నావని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే ఆ కాగితం చూసి మనసులో సంతోషపడ్డాడు. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మూడు రోజులు కూర్చుని ఒక పొడుగు నోటుబుక్కులో రాశాడు. పోయిన దారినే తిరిగి రాకూడదు. ఎండలో ఎక్కడ చల్లని నీడ కనిపిస్తే అక్కడ కూర్చోకూడదు, నువ్వు కూర్చుంటావని వాళ్లకు ముందే తెలుసు. దారిలో పడివున్న టిఫిన్ క్యారియర్‌ను, జెండాను, చనిపోయిన కుక్కను ముట్టుకోకూడదు. పక్షులు ఉన్నట్టుండి ఆగిపోతే నువ్వూ ఆగిపోవాలి. ఇలా పదకొండు రాశాడు. పన్నెండోది రాయాలని అంకె వేసి కలం పక్కన పెట్టాడు. అది రాయాలంటే ముందు పుంగనూరులో ఉమాపతికి చెప్పాలి. పదమూడేళ్లుగా చెప్పలేదు.

ఉమాపతిది సోమల పక్క పల్లె. గొర్రెలు మేపుకునే ఇంటి నుంచి బలగంలో చేరాడు. దామోదర్ కంటే పదేళ్లు చిన్న. అడవిలో వాళ్లున్న ప్లటూన్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు వాళ్లిద్దరే. ఒకే పళ్లెంలో తిని, ఒకే దోమతెరలో పడుకునేవాళ్లు. అక్కడే మందుపాతర పేలి ఉమాపతికి కుడికాలు మోకాలి కింద పోయింది, రెండు కళ్లూ పోయాయి. ఇప్పుడు పుంగనూరులో భార్య మునిలక్ష్మితో ఉంటున్నాడు. ఆమె ఒక బడిలో ఆయా. దామోదర్ ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లి చూసి వస్తుంటాడు.

కుప్పంలో ఉపన్యాసం మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరులో దిగాడు. ఉమాపతి వసారాలో చాప మీద కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తున్నాడు. చూపు పోయాక వేళ్లకు అలవాటైన పని అది. అడుగుల చప్పుడు విని తల ఎత్తాడు.

"దామోదరన్నా! కాల్లో నొప్పి ఇంగా పోలేదే. ఈడ్సుకుంటా వస్తాండావు."

మునిలక్ష్మి నీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. దామోదర్ ఆఫీసు సంగతి, కాగితం సంగతి చెప్పాడు. ఉమాపతికి ఉత్సాహం వచ్చింది.

"నా సంగతి గూడా జెప్పన్నా. ఎట్ల నమ్మించి మోసం చేస్తారో జెప్పు. ఆ కోళ్లాయప్ప మన క్యాంపుకొచ్చి కోళ్లమ్మి, మన కాడ ఉప్పు తీసుకోని పోయి, మనకే బాంబు పెట్టినాడు. సరే, వాణ్ని ఆ పొద్దే ఏసేసినారు గదా. నాకంతే సాలు."

దామోదర్ ఎప్పుడు వచ్చినా ఉమాపతి ఈ మాట అంటాడు. ఎప్పుడు అన్నా దామోదర్ ఊ కొడతాడు. ఈసారి కొట్టలేదు.

"ఉమా, ఒగ మాట జెప్పాల. ఆ పొద్దు ఆయప్ప దారిలో నిలబడి సెయ్యెత్తి ఏందో అన్న్యాడు, గుర్తుండాదా?"

"యాల లేదు. దళానికి సైగ చేసినాడు."

"సైగ గాదప్పా. మనతోనే మాట్లాడినాడు. ఇన్‌స్పెక్టర్ నా తిక్కు సూసి, నువ్వు తెలుగోడివి గదా, వీళ్ల మాట నీకర్థమైతాదిలే, ఏమంటాండాడు అని అడిగినాడు."

గోండి భాష తెలుగుకు దగ్గర అని ఆ ఇన్‌స్పెక్టర్ నమ్మకం. క్యాంపులో చేరిన మొదటి వారమే దామోదర్‌ను దుబాసీ చేశాడు. దామోదర్‌కు పది మాటల్లో ఒకటి తెలిసేది, తక్కినవి ఊహించేవాడు. తెలియదని చెప్పడానికి నామోషీ. దుబాసీ అన్న గౌరవం వల్ల సెంట్రీ డ్యూటీ కూడా తప్పేది.

"నువ్వేమని జెప్పినావు?" అన్నాడు ఉమాపతి.

"పొమ్మంటాండాడు సార్ అని జెప్పినా."

ఉమాపతి చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది.

"నలభై అడుగులు పోయినాం. నువ్వు కాలు పెట్టినావు. పేలినంక ఇన్‌స్పెక్టర్ మళ్లా అడిగినాడు, వాడు సైగ చేసినాడా అని. నాకు సెవులు వినపడడంలే. నువ్వు ఆడ పడి అరస్తాండావు. అవున్ సార్, సెయ్యి ఊపినాడు అన్న్యా. అప్పుడు కాల్చినారు. ఆయప్ప పారిపోలేదు ఉమా. సెయ్యి ఎత్తుకోని ఆడనే నిలబడి ఉన్న్యాడు."

"తర్వాత?"

"నెల తర్వాత క్యాంపు ఆస్పత్రిలో ఒగ నర్సమ్మ ఉన్నింది, ఆయప్ప ఊరిదే. ఆయప్ప అన్న మాటను నేను యెట్ల విన్న్యానో అట్లనే ఆయమ్మకు జెప్పి అర్థమేంది అని అడిగినా. పోవద్దండి అని జెప్పింది."

వీధిలో ఒక ఆటో వెళ్లింది. ఉమాపతి ముఖం ఆ చప్పుడు వైపు తిరిగి మళ్లీ వెనక్కి వచ్చింది.

"నీకర్థమయ్యి పొమ్మన్న్యాడని జెప్పినావా, అర్థం గాకనే జెప్పినావా?"

"అర్థం గాకనే."

"తెల్దు సార్ అనింటే ఏమయ్యుండు?"

"ఏమీ అయ్యుండదు. ఆగుంటాం. పక్కనించి పొయ్యుంటాం."

ఉమాపతి చేతిలోని చింతపండును చేటలో వేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "పదమూడేండ్లు దినామూ పొద్దున లేస్తానే వాణ్ని తిట్టుకున్న్యా. ఎవురికీ జెప్పలే. ఆ తిట్టుతోనే లేసి కూర్చునేవాణ్ని. ఇప్పుడు ఎవుర్ని తిట్టేది?"

"నన్ను తిట్టప్పా."

"నువ్వు నన్ను బుజాన యేసుకోని నాలుగు కిలోమీటర్లు మోసినోడివి. నిన్నెట్ల తిట్టేది?"

మునిలక్ష్మి గడప దగ్గర ఎప్పటినుంచి నిలబడి ఉందో దామోదర్ గమనించలేదు. ఆమె వచ్చి భర్త ముందున్న చింతపండు చేటను తీసి పక్కన పెట్టింది.

"బావా, మీరు బస్సుకు పోండి. ఇన్నేండ్లు జెప్పనోళ్లు ఇంగా జెప్పకుండానే ఉండుండచ్చు."

పలమనేరు దాటి, వి.కోట దాటి, కుప్పం చేరేదాకా దామోదర్ నోటుబుక్కు తెరవలేదు. వెనక్కి పోదామా అని రెండుసార్లు అనుకున్నాడు. కానీ ఉమాపతికి చెప్పేశాక ఇక దాచడానికి ఏమీ లేదనిపించింది. అంత బాధతో బయటికి తీసిన మాట ఎవరికో ఒకరికి ఉపయోగపడాలి అనుకున్నాడు.

మేనేజర్ అరుణ్ కుమార్ కింద దాకా వచ్చి చేయి పట్టుకుని మెట్లెక్కించాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. మర్యాద తెలిసిన మనిషి. హాల్లో నలభై మంది దాకా ఆడపిల్లలు, మగపిల్లలు ఉన్నారు. చాలామంది రామకుప్పం, శాంతిపురం పల్లెల నుంచి వచ్చేవాళ్లే. పల్లవి మూడో వరసలో కూర్చుని ఉంది.

పదకొండు పాఠాలూ చెప్పాడు. పిల్లలు రాసుకున్నారు. నీడ సంగతి చెప్పినప్పుడు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత అరుణ్ కుమార్ తెర మీద ఫొటోలు వేశాడు. కొండవాలు, పల్చటి అడవి, ఒక కాలిబాట. బాట మీద పైనుంచి చూస్తే చీమంత మనిషి. నెత్తి, భుజాలు, వీపు మీద ఒక మూట.

"సార్, ఇది మామూలా, అనుమానమా?"

దామోదర్ తెర దగ్గరికి వెళ్లి చూశాడు. చెట్లు టేకువి కావు, ఇప్పచెట్లు కావు. తను ఎరిగిన అడవిలో ఆడవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుంటారు, ఇలా వీపున కట్టుకోరు.

"ఇది ఏ దేశం?"

"క్లయింట్ చెప్పరు సార్."

"అయితే నేనూ జెప్పలేను. మూటలో బియ్యముండచ్చు, బిడ్డ ఉండచ్చు, తుపాకి ఉండచ్చు."

"అనుభవం ఉన్నవాళ్లు కదా. అందాజుగా అయినా..."

"ఆ అందాజు గురించే జెప్పాలని వచ్చినా సార్" అని దామోదర్ నోటుబుక్కు మూసేశాడు.

పన్నెండో పాఠం నోటితోనే చెప్పాడు. కోళ్లు అమ్మే మనిషి పేరు బుద్రు అని చెప్పాడు. అతను చెయ్యెత్తి ఏమన్నాడో, తను దాన్ని ఏమని మార్చి చెప్పాడో, తన మాట మీద ఎవరి కాలు పోయిందో, ఎవరి ప్రాణం పోయిందో వరసగా చెప్పాడు. పత్రికలో బుద్రు శవం పక్కన ఒక తుపాకి ఉన్న ఫొటో వచ్చిందని, ఆ తుపాకిని అంతకుముందు తను చూడలేదని కూడా చెప్పాడు.

"అంత పెద్ద బలగం, అన్ని సంవత్సరాలు. మాకు అన్నీ ఇచ్చినారు. తెల్దు అని జెప్పే ధైర్యం మాత్రం ఎవురూ ఇయ్యలేదు. ఎత్తిన సెయ్యిని సూసినాం, మాట అర్థం చేసుకోలేదు. మీరు పైనించి సూస్తాండారు. మీకు మాట అసలు వినపడదు. అందుకని మీరు ఇంగా ఎక్కువసార్లు తెల్దు అనాల. అదే నేను నేర్చుకున్న పాఠం."

ముందు వరసలో ఒక అమ్మాయి చున్నీతో కళ్లు తుడుచుకుంది. అరుణ్ కుమార్ శాలువా కప్పి, చేయి వదలకుండా, "నాకు మాట రావడం లేదు సార్" అన్నాడు. అది నటన కాదు. ఆ సాయంత్రం మదనపల్లె బస్సులో దామోదర్ ఎన్నో ఏళ్ల తర్వాత హాయిగా నిద్రపోయాడు.

మూడు వారాల తర్వాత పల్లవి ఇంటికి వచ్చింది. అన్నం తిని, అమ్మ పాత్రలు కడగడానికి పెరట్లోకి వెళ్లాక, ఫోన్ తీసి తండ్రి చేతికిచ్చింది. ఆఫీసులో కొత్తగా ఇచ్చిన సూచనల జాబితా అది. నాలుగో వెర్షన్. రహస్యంగా ఫొటో తీసుకొచ్చింది. నీడలో గుంపుగా కూర్చున్నవాళ్లు, ఎరుపు. వచ్చిన దారిన కాక వేరే దారిన తిరిగిపోయేవాళ్లు, ఎరుపు. తన పదకొండు పాఠాలనూ దామోదర్ గుర్తుపట్టాడు. తమ ప్రాణం కాపాడుకోవడానికి నేర్చుకున్నవన్నీ అక్కడ ఎదుటివాణ్ని పట్టించే గుర్తులయ్యాయి. కిందికి జరిపాడు.

'దారి మీద ఒంటరిగా నిలబడి చెయ్యెత్తి సైగ చేసే మనిషి: ఎరుపు. ప్రమాద స్థాయి ఎక్కువ.'

చదివి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివాడు.

"ఇది తప్పమ్మా. నేను జెప్పింది ఇది గాదు. దీనికి ఎదురు జెప్పినా."

"నేనూ అదే అన్న్యా నాయినా. అరుణ్ సార్ ఏమన్న్యాడంటే, మీ నాయన కథలో సెయ్యెత్తినంక ఏమైంది, బాంబు పేలింది. మిషన్‌కు మాట వినపడదు, సెయ్యి ఒగటే కనపడతాది. వాడు పోవద్దన్నా, పొమ్మన్నా ఆడ ప్రమాదముండేది నిజమే గదా అన్న్యాడు. ఎరుపంటే సంపమని గాదంట. జాగ్రత్త అని మాత్రమేనంట."

"మేమూ జాగ్రత్తనే అనుకున్న్యాం."

మరుసటి రోజు అరుణ్ కుమార్‌కు ఫోన్ చేశాడు. అతను ఓపికగా విన్నాడు. మీరు చెప్పింది పూర్తిగా సత్యం సార్ అన్నాడు. కానీ జాబితా క్లయింట్ దగ్గరికి పోయిందని, వాళ్లు మెచ్చుకున్నారని, ఇప్పుడు మార్చడం తన చేతిలో లేదని చెప్పాడు. ఆ క్లయింట్‌తో తను మాట్లాడవచ్చా అని దామోదర్ అడిగాడు. క్లయింట్ ఎవరో తనకూ తెలియదు, మధ్యలో ఇంకో రెండు కంపెనీలు ఉన్నాయి అన్నాడు అరుణ్ కుమార్. దామోదర్ రెండు పేజీల ఉత్తరం రాసి పంపాడు. మీ విలువైన అభిప్రాయానికి కృతజ్ఞతలు అని జవాబొచ్చింది.

తర్వాతి ఆదివారం కూతురితో అన్నాడు: "పల్లవీ, ఆ పని మానెయ్యమ్మా."

ఈ సంగతి ఆమె ముందే ఆలోచించుకుని ఉంటుంది.

"నేను మానేస్తే సోమవారం నా కుర్చీలో ఇంగొగ పిల్ల కూర్చుంటాది నాయినా. రెండు దినాల ట్రైనింగ్ సాలు. నేనుంటే ఒగొగటి ఆలోచించి గీస్తా."

"ఆలోచించి ఏ రంగు గీస్తాండావు?"

పల్లవి తల వంచుకుంది.

"రూల్ ప్రకారమే గీయాల. లేకుంటే క్వాలిటీ వాళ్లు వాపసు పంపిస్తారు. నిన్న పదిహేడు వచ్చినాయి, సెయ్యెత్తినవి. ఒగాయన ఎవుర్నో అన్నానికి పిలస్తాండాడు అనుకుంటా. పక్కన పొయ్యి ఉండాది, పొగొస్తాండాది."

"దాన్ని?"

"ఎరుపే."

ఆమె ఏడుస్తుందేమో అని దామోదర్ చూశాడు. ఏడవలేదు. అతనికి అదే ఎక్కువ భయమేసింది.

పుంగనూరుకు వెళ్లడానికి అతనికి ఇంకో నెల పట్టింది. మునిలక్ష్మి బడికి బయలుదేరుతూ వాకిట్లో ఎదురుపడింది. పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. ఉమాపతి వసారాలోనే ఉన్నాడు. చింతపండు బుట్ట నిండుగా పక్కనే ఉంది, చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. గడ్డం పెరిగింది. దామోదర్ ఎదురుగా కూర్చుని ఆఫీసులో జరిగిందంతా చెప్పాడు. తన మాటను ఎలా వాడుకున్నారో చెప్పాడు. ఉమాపతి కదలకుండా విన్నాడు.

"అయితే ఆయప్ప ఇప్పుడు ఎరుపా?" అన్నాడు చివరికి.

"అవునప్పా."

"మనకు ఎచ్చరిక జెప్పినందుకు ఒగసారి సచ్చినాడు. నువ్వు నిజం జెప్పినందుకు మళ్లా సస్తాండాడు."

ఉమాపతి ముఖాన్ని దామోదర్ గొంతు వచ్చిన వైపు తిప్పాడు.

"ఆయప్ప పేరేందన్నా? మనం కోళ్లాయప్ప అనే పిలిచినాం."

"బుద్రు."

ఉమాపతి పెదవులు ఆ పేరును పలికాయి, చప్పుడు రాలేదు. "పెండ్లాం బిడ్డలు ఉన్న్యారా?" అని అడిగాడు. తెలియదు అన్నాడు దామోదర్. తను ఎప్పుడూ విచారించలేదు. ఆ ఊరు కూడా తర్వాత రెండేళ్లకు ఖాళీ అయిపోయిందని విన్నాడు, ఎటు పోయారో ఎవరికీ తెలియదు.

లేచి సందు చివరిదాకా వచ్చాక వెనక నుంచి పిలుపు వినిపించింది. మునిలక్ష్మి ఇంకా బడికి పోలేదు. గబగబా నడిచి వచ్చింది.

"బావా, ఏమీ అనుకోవద్దండి. మీరొచ్చి పొయినంక ఆయన వారం దినాలు అన్నం తినలేదు. పని ముట్టుకోడు. పొద్దున లేస్తానే గోడ పక్కకు తిరిగి కూర్చుంటాడు. ఇంగ రావద్దండి."

"రానమ్మా" అన్నాడు దామోదర్.

అన్నట్టే మళ్లీ వెళ్లలేదు. పండక్కి ఒకసారి ఫోన్ చేస్తే మునిలక్ష్మి ఎత్తి, బాగున్నామని చెప్పి పెట్టేసింది. పల్లవిని ఆ ఏడాది టీమ్ లీడర్‌ను చేశారు. ఇప్పుడు ఆమె గీతలు గీయడం లేదు, ఇరవై మంది గీసినవి సరిచూస్తుంది, రూల్ ప్రకారం లేనివి వాపసు పంపుతుంది. ఇంటికి వచ్చినప్పుడు ఆఫీసు మాట ఎత్తదు. దామోదర్ కూడా అడగడు. టీవీలో యుద్ధం వార్తలు వచ్చి, పైనుంచి తీసిన బూడిదరంగు బొమ్మలో చిన్న చిన్న మనుషులు పరిగెత్తుతుంటే, ఇద్దరిలో ఒకరు లేచి లోపలికి వెళ్లిపోతారు.